వంపు లెక్క

చంద్రుడు ఎందుకు కింద పడడు అని పిల్లలు అడిగితే పెద్దవాళ్లు మామూలుగా రెండు జవాబుల్లో ఒకటి చెబుతారు. భూమి ఆకర్షణ అంత దూరం పోదు అన్నది ఒకటి. పోతుంది గానీ, చంద్రుడు తిరగడం వల్ల పుట్టే అపకేంద్ర బలం దానికి సరిగ్గా సరిపోతుంది, అందుకే అటూ ఇటూ కాకుండా తిరుగుతున్నాడు అన్నది రెండోది. మొదటిది తప్పని చాలామందికి తెలుసు. రెండోదానికి పాఠ్యపుస్తకపు వాసన ఉంటుంది కాబట్టి ఎవరూ నిలదీయరు. అసలు చిక్కంతా దానిలోనే ఉంది, సగం నిజాన్ని చంకన పెట్టుకుని తిరిగే తప్పు అది. చంద్రుడు ప్రతి క్షణమూ పడుతూనే ఉన్నాడని నేను అంటున్నాను. మనం పంపిన ఉపగ్రహాలూ అంతే, సూర్యుడి చుట్టూ తిరిగే భూమీ అంతే. పడడమంటే నేలకు తగలడమే అనుకుంటే ఈ మాట వింతగా వినిపిస్తుంది. తిన్నగా పోవలసిన దారి నుంచి పక్కకు తప్పడమే పడడం అనుకుని చూడండి, వింత పోయి లెక్క మిగులుతుంది. ఆ లెక్క కోసం టెలిస్కోపుల దాకా వెళ్లనక్కర్లేదు. పశ్చిమ బెంగాల్‌లోని సాలువా, హిజ్లీ, ఖరగ్‌పూర్ చుట్టుపక్కల రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్ల చేతిలో దారం, స్టీలు స్కేలు ఉంటాయి. అవి చాలు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు వచ్చి స్థిరపడ్డాయి కనక, ఇక్కడి తెలుగిళ్లలో పట్టాల మాటలు కొత్త కావు. తెలియనివారి కోసం కర్వు కొలిచే పద్ధతి చెబుతాను. వంపు తిరిగే చోట బయటి పట్టా లోపలి అంచుకు, 20 మీటర్ల ఎడంలో రెండు చోట్ల, సన్నని దారం ఆనించి బిగలాగి పట్టుకుంటారు. దారం తిన్నగా ఉంటుంది, పట్టా వంగి ఉంటుంది. సరిగ్గా నడిమధ్యన దారానికీ పట్టాకూ ఎంత సందు ఉందో స్కేలు పెట్టి చూసి మిల్లీమీటర్లలో రాసుకుంటారు. ఆ సందును వెర్సైన్ అంటారు. 875 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు, అంటే రైల్వేవాళ్ల భాషలో రెండు డిగ్రీల కర్వు, అయితే ఆ సందు 57 మిల్లీమీటర్లు రావాలి. ఒకచోట 45, పక్కన 70 వచ్చాయంటే పట్టా జరిగిందని అర్థం, దాన్ని మళ్లీ సర్దాలి. ఇప్పుడు ఆ దారాన్నే మనసులో కాస్త బయటికి జరపండి, దాని నడిమి భాగం పట్టాకు తాకేదాకా. దారం కొసలు పట్టాకు 57 మిల్లీమీటర్లు అవతలికి పోతాయి. ఆ నడిమి చోట ఉన్న చక్రం పట్టాతో పనిలేకుండా తిన్నగా పోయి ఉంటే, 10 మీటర్లు దాటేసరికి అక్కడ ఉండేది. అక్కడ లేదు, పట్టా మీదనే ఉంది. అంటే ఆ 10 మీటర్లలో పట్టా దాన్ని 57 మిల్లీమీటర్లు లోపలికి లాక్కొచ్చింది. వంపు కేంద్రం వైపు రైలు అంత మేర పడింది అనడంలో తప్పేమీ లేదు.

ఇంతకీ లాక్కొచ్చింది ఎవరు? ఇంజన్ కాదు. ఇంజన్ ముందుకు మాత్రమే లాగుతుంది, లోకో పైలట్ దగ్గర స్టీరింగ్ ఉండదు. రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. వంపు మొదట్లోనూ చివర్లోనూ స్పీడోమీటరు ముల్లు 100 దగ్గరే ఉంటుంది. ముల్లు కదల్లేదు కాబట్టి ఏమీ మారలేదని లెక్క కడితే పొరపాటు. వేగానికి ఎంత అన్నదే కాకుండా ఎటు అన్నది కూడా ఉంది, ఆ ఎటు అన్నది మారింది. దానికీ బలం కావాలి. ఆ బలం పట్టా నుంచి చక్రానికి, పోయే దిక్కుకు అడ్డంగా, లోపలి వైపుకు అందుతుంది. ఎంతో కూడా దారమే చెబుతుంది. ఆ వేగంతో 10 మీటర్లు దాటడానికి 0.36 సెకను పడుతుంది. అంత వ్యవధిలో 57 మిల్లీమీటర్లు పక్కకు రావాలంటే త్వరణం సెకనుకు సెకనుకు 0.88 మీటర్లు ఉండాలి, భూమ్యాకర్షణలో దాదాపు పదకొండో వంతు. చక్రం అంచు ఒక్కటే అంత ఒత్తిడి మోస్తే పట్టా త్వరగా అరిగిపోతుంది. అందుకే బయటి పట్టాను ఎత్తి వేస్తారు. దాన్ని క్యాంట్ అంటారు. ఈ వేగానికి, ఈ వంపుకు పూర్తిగా తూగాలంటే బ్రాడ్‌గేజ్‌లో 157 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. పెట్టె అంత ఒరిగితే పట్టాలు దాన్ని మోసే బలం కూడా ఒరుగుతుంది. అందులో పైకి ఉన్న భాగం బరువును మోస్తుంది, పక్కకు ఉన్న భాగం రైలును తిప్పుతుంది. ఒకే బలాన్ని ఇలా రెండు దిక్కులుగా విడదీసి చూడడం కాలేజీలో వెక్టర్ల పాఠం. పట్టాల బాగోగులు చూసే పర్మనెంట్ వే వాళ్లు దాన్ని పట్టాల కింద కంకర పోసి చేసి చూపిస్తారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది సమంజసమైనదే. రైలు వంపు తిరిగేటప్పుడు మనల్ని బయటికి తోసినట్టు ఉంటుంది కదా, మరి అపకేంద్ర బలం లేదంటారేమిటి అని. తోసినట్టు అనిపించడం నిజమే, తోసినవారు మాత్రం ఎవరూ లేరు. ఒళ్లు తిన్నగా పోవాలని చూస్తోంది, పెట్టె లోపలికి వస్తోంది, పెట్టె గోడ వచ్చి భుజానికి ఆనుతుంది. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసేవాడికి ఈ బయటి బలం కనిపించదు, లోపలికి నెట్టే గోడ మాత్రమే కనిపిస్తుంది. పెట్టెతో పాటు తిరుగుతూ లెక్క కట్టుకునేవాళ్లు ఒక బయటి బలాన్ని కలుపుకుంటే లెక్క సులువవుతుంది. ఇంజనీర్లు అలా చేస్తారు, అది తప్పేమీ కాదు. అయితే ఆ లెక్కను తెచ్చి నేల మీద నిలబడి చూసేవాడి నోట పెట్టకూడదు. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, రెండూ సమానంగా లాగి సరిపోతే రైలు మీద మిగిలే బలం సున్నా. బలం సున్నా అయితే రైలు తిన్నగా పోవాలి, వంపు తిరగకూడదు. చంద్రుడి విషయంలోనూ ఇదే చిక్కు. రెండు బలాలు సరిపోయాయన్న మరుక్షణం చంద్రుడికి కక్ష్య ఉండదు, ఆ క్షణంలో ఏ దిక్కున పోతున్నాడో ఆ దిక్కునే పోతాడు.

అయితే చంద్రుడి కర్వుకు దారం ఎవరు పట్టారు? న్యూటన్. 1687లో వచ్చిన ప్రిన్సిపియాలో ఆయన బలాలను కొలిచింది ఇలాంటి చిన్న సందులతోనే. భూమి కేంద్రం నుంచి చంద్రుడి దూరం భూమి వ్యాసార్ధానికి సుమారు 60 రెట్లు. ఒక చుట్టుకు 27 రోజుల పైచిలుకు పడుతుంది. ఈ రెండూ తెలిస్తే చంద్రుడు సెకనుకు సుమారు ఒక కిలోమీటరు పోతాడని తేలుతుంది. ఆ కిలోమీటరులో తిన్నని దారి నుంచి భూమి వైపుకు తప్పేది 1.36 మిల్లీమీటర్లు. గ్యాంగ్‌మన్ స్కేలు మీద ఒక గీత దాటి రెండో గీత అందనంత. ఇక భూమి మీద చేతిలోంచి జారిన రాయి మొదటి సెకనులో పడేది 4.9 మీటర్లు. దాన్ని దీనితో భాగించి చూడండి, 3600 వస్తుంది, అంటే 60 ఇంటూ 60. దూరం 60 రెట్లయితే ఆకర్షణ 60 వర్గంలో ఒక వంతుకు తగ్గింది. రాయిని లాగే బలమూ చంద్రుణ్ణి తిప్పే బలమూ ఒకటే అనడానికి ఇంతకు మించిన సాక్ష్యం ఆ రోజుల్లో ఇంకొకటి లేదు. న్యూటన్‌కు ముందున్న కెప్లర్ మామూలు మనిషి కాదు, గ్రహాల దారి దీర్ఘవృత్తమని 1609లోనే కనిపెట్టినవాడు. ఆయన కూడా సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతూ గ్రహాలను వెంట ఈడ్చుకుపోతున్నాడనే అనుకున్నాడు. బలాన్ని పోయే దిక్కున వెతికాడు, అది అడ్డంగా ఉంది. రైలును తిప్పేది ఇంజన్ అని భ్రమపడడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. 1679లో రాబర్ట్ హుక్ న్యూటన్‌కు రాసిన ఉత్తరంలో తిన్నగా పోయే కదలికనూ కేంద్రం వైపు లాగే ఆకర్షణనూ కలిపి చూడమని సూచించాడు. సూచన హుక్‌దే, లెక్క తేల్చింది న్యూటన్. ఆ ఘనత ఎవరిదన్న తగవు వాళ్లతో తెగలేదు.

సరే, పడుతున్నాడే అనుకుందాం, మరి నేలకు ఎందుకు తగలడు? దీనికి సాలువా పరిసరాల్లోనే ఒక పాత సాక్ష్యం ఉంది, కాస్త కటువైనదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ మిడ్నపూర్ నేల మీదా, దాని చుట్టుపక్కలా అమెరికా వైమానిక దళం వరసగా విమానాశ్రయాలు వేసుకుంది. సాలువా రన్‌వే ఆ కాలం నాటిదే. ఖరగ్‌పూర్, చాకులియా, పియార్డోబా, దుధ్‌కుండీ నుంచి బీ-29 బాంబర్లు ఎగిరేవి. వాటి ఇరవయ్యో బాంబర్ కమాండ్ ముఖ్య కార్యాలయం 1944లో హిజ్లీలో ఉండేది, తరవాత ఐఐటీ మొదలైన నిర్బంధ శిబిరం ఆవరణలోనే. 1944 జూన్ 5న అవి మొదటిసారి దాడికి వెళ్లింది బ్యాంకాక్‌లోని రైల్వే వర్క్‌షాపు మీదికి, రైల్వే వర్క్‌షాపుతో బతికే ఊరి పక్కనుంచి. ఆ విమానాల్లో బాంబు వదిలేవాడు లక్ష్యం నెత్తిన ఉన్నప్పుడు వదలడు, కిలోమీటర్ల ముందే వదులుతాడు. 6 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేల చేరడానికి, గాలి అడ్డు సంగతి పక్కన పెడితే, 35 సెకన్లు పడుతుంది. విమానం వేగం గంటకు 360 కిలోమీటర్లయితే ఆలోగా బాంబు మూడున్నర కిలోమీటర్లు ముందుకు పోతుంది. విమానాన్ని వదిలినంత మాత్రాన ముందుకున్న వేగం దాన్ని వదలదు. కిందికి పడడం తన లెక్కన, ముందుకు పోవడం తన లెక్కన, ఒకదాని జోలికి ఒకటి పోకుండా జరుగుతాయి. పక్కగాలి వీస్తే దాని వేగమూ ఇలాగే వచ్చి కలుస్తుంది. చైత్ర వైశాఖాల్లో కాళ్‌బైశాఖి గాలుల మధ్య ఎగిరే పైలట్‌కు విమానం ముక్కు ఒక దిక్కున, పోయే దారి మరో దిక్కున ఉండడం రోజూ ఉండే పనే.

ఇప్పుడు ముందుకు పోయే వేగాన్ని పెంచుకుంటూ పోదాం. బాంబు ఇంకా దూరంగా పడుతుంది. ఒక హద్దు దాటాక నేల బల్లపరుపు కాదన్న సంగతి లెక్కలోకి వస్తుంది. భూమి కూడా ఒక కర్వే, వ్యాసార్ధం 6371 కిలోమీటర్లు. దానికీ దారం పట్టి కొలవండి, పట్టాకు వాడిన సూత్రమే, 8 కిలోమీటర్లలో నేల సుమారు 5 మీటర్లు కిందికి వంగుతుంది. పడే వస్తువు ఒక సెకనులో దిగేదీ దాదాపు 5 మీటర్లే. కాబట్టి సెకనుకు 8 కిలోమీటర్లకు కాస్త తక్కువ వేగంతో పక్కకు పోయే వస్తువు ఎంత పడుతుందో నేల కూడా అంతే కిందికి తప్పుకుంటుంది. పడడం ఆగదు, తగలడం జరగదు. ఆ వేగం ఎంతటిదంటే, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపడ్డ ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం 1072 మీటర్లనూ సెకనులో ఏడో వంతు కాలంలో దాటేస్తుంది. నేల దగ్గర గాలి ఉంది కాబట్టి అక్కడ ఇది కుదరదు, మాడి మసైపోతుంది. రాకెట్‌ను పైకి పంపడం ముఖ్యంగా ఆ గాలి దాటించడం కోసమే. రాకెట్ పని ఎత్తుకు ఎక్కించడమే అని టీవీ చూసేవారు అనుకోవడం సహజం, తెర మీద కనిపించేది నిప్పులు కక్కుతూ నిటారుగా లేచే దృశ్యమే కదా. ఖర్చు లెక్క వేరే చెబుతుంది. ఒక కిలో బరువును 400 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చడానికి ఒక పాలు శక్తి కావాలంటే, అక్కడ కక్ష్యలో నిలిచే వేగం దానికివ్వడానికి ఎనిమిది పాళ్లు కావాలి.

ఖరగ్‌పూర్‌లో చెన్నై బండి ఎక్కినవాళ్లకు గూడూరు దాటాక సూళ్లూరుపేట స్టేషన్ వస్తుంది. అక్కడి నుంచి తూర్పుగా పులికాట్ దాటితే రాకెట్లు ఎగిరే శ్రీహరికోట. అక్కడి నేల భూమి భ్రమణంతో పాటు సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతూనే ఉంది. తూర్పుగా ఎగిరే రాకెట్‌కు ఆ వేగం ఉచితంగా కలిసొస్తుంది. ధ్రువాల మీదుగా తిరగాల్సిన ఉపగ్రహాలకు ఆ మేలు లేదు, పైగా ఒక నష్టం ఉంది. దక్షిణానికి తిన్నగా పోతే శ్రీలంక అడ్డం. రాలిపడే రాకెట్ భాగాలు అక్కడి జనం మీద పడకూడదు కాబట్టి పీఎస్‌ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా వెళ్లి, తరవాత దక్షిణానికి మళ్లుతుంది. వేగం పెంచకుండా దిక్కు మార్చడానికే ఇంధనం కాలుతుంది. దిక్కు మార్చడం ఎంత ఖరీదో ఒక త్రిభుజం గీస్తే తెలుస్తుంది. ఏ వేగాన్నయినా 60 డిగ్రీలు తిప్పాలంటే, మొదట్లో ఆ వేగం సంపాదించడానికి ఎంత తోపు పట్టిందో మళ్లీ అంతే పడుతుంది. రాకెట్ ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడే, తక్కువ కోణంలో తిప్పుతారు కాబట్టి నష్టం అంత ఉండదు, అయినా చిన్న రాకెట్లకు ఆ మాత్రం కూడా బరువే. తమిళనాడు దక్షిణ తీరాన కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేయడం వెనక ఉన్న ప్రధాన కారణం ఈ త్రిభుజమే.

అంతరిక్ష కేంద్రంలో మనుషులు గాల్లో తేలుతున్నారు, అక్కడ ఆకర్షణ లేదన్నమాటే కదా అనేవాళ్లున్నారు. 400 కిలోమీటర్ల ఎత్తున భూమ్యాకర్షణ నేల మీద ఉన్నదానిలో 89 శాతం ఉంటుంది. వాళ్లూ, వాళ్ల చుట్టూ ఉన్న గోడలూ ఒకే తీరున పడుతున్నారు కాబట్టి ఎవరి కాళ్ల కిందా నేల ఆనదు. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. బలం ఎప్పుడూ అడ్డంగానే లాగితే వేగం ఎన్నటికీ మారకూడదు కదా, మరి గ్రహాల వేగం మారుతుందే అని. మారే మాట నిజం, ఇంట్లో క్యాలెండరే సాక్షి. మార్చి విషువత్తు నుంచి సెప్టెంబరు విషువత్తుకు 186 రోజులు, అక్కడి నుంచి మళ్లీ మార్చికి 179. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉండి సెకనుకు 30.3 కిలోమీటర్లు పోతుంది, జూలై మొదట్లో దూరంగా ఉండి 29.3 మాత్రమే పోతుంది. దారి పూర్తి వృత్తం కాదు కాబట్టి, దగ్గరి కొస, దూరపు కొస తప్ప మిగతా అన్నిచోట్లా సూర్యుడి లాగుడు భూమి పోయే దిక్కుకు సరిగ్గా అడ్డంగా ఉండదు, కొంచెం ఒరిగి ఉంటుంది. సూర్యుడి వైపు దగ్గరవుతున్నప్పుడు ఆ ఒరిగిన భాగం ముందుకు లాగుతుంది, దూరమవుతున్నప్పుడు వెనక్కి లాగుతుంది. క్యాంట్‌లో విడదీసినట్టే దీన్నీ విడదీస్తే ఆ ఏడు రోజుల తేడాకు సమాధానం దొరుకుతుంది. మంగళయాన్ కక్ష్య పెంచింది కూడా ఈ లెక్క మీదే. భూమికి దగ్గరి కొసన వేగం కొద్దిగా పెంచితే అవతలి కొస వేల కిలోమీటర్లు దూరం జరుగుతుంది. 2013 నవంబరు 11న సెకనుకు 130 మీటర్లు పెంచాల్సిన చోట 35 మాత్రమే పెరిగింది, అవతలి కొస లక్ష కిలోమీటర్లకు బదులు 78 వేల దగ్గర ఆగింది. మర్నాడు మళ్లీ ఇంజన్ మండించి సర్దారు.

చివరిగా మిగిలింది స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం. 1979 జూలైలో అది నెత్తిన పడుతుందని తెలుగు పల్లెలు హడలిపోయాయి. ఎలాగూ పోతాం కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకుతిన్నవాళ్ల కథలు ఇంకా చెప్పుకుంటారు, 2021లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. ఆ జనాన్ని వెక్కిరించడం నాకు ఇష్టం ఉండదు. 77 టన్నుల బరువు ఎక్కడ పడుతుందో దాన్ని పంపినవాళ్లే చెప్పలేకపోయారు, దాని దారి మన నెత్తి మీదుగానే ఉంది, మరి భయపడక ఏం చేస్తారు? మన వాదనకు అది పెట్టే పరీక్ష వేరు. పై పొరల్లోని పలచని గాలి ఉపగ్రహాన్ని వెనక్కి లాగుతుంది, కాబట్టి వేగం తగ్గి పడిపోతుంది అని అందరూ అనుకుంటారు. జరిగేది తలకిందులు. స్కైలాబ్ 435 కిలోమీటర్ల ఎత్తున తిరిగినప్పుడు వేగం సెకనుకు 7.65 కిలోమీటర్లు, 150 కిలోమీటర్లకు దిగేసరికి 7.82. గాలి వెనక్కి లాగుతుంటే వేగం పెరిగింది! గాలి లాగడంతో దారి కొద్దిగా కిందికి ఒరుగుతుంది. ఒరిగాక భూమ్యాకర్షణలో ఒక చిన్న భాగం పోయే దిక్కున కలుస్తుంది, ఆ భాగం గాలి లాగుడుకు సరిగ్గా రెండింతలు. ఒక పాలు గాలికి పోగా ఒక పాలు మిగిలి వేగాన్ని పెంచుతుంది. ఆ ఏళ్లలో సూర్యుడి ఉద్రేకం అనుకున్నదానికన్నా ఎక్కువై పై గాలి ఉబ్బింది, లాగుడు పెరిగింది, స్కైలాబ్ తొందరగా దిగింది. చోటు చెప్పలేకపోవడానికి కారణం ఆ వేగమే. ఖరగ్‌పూర్ నుంచి విశాఖకు రైలు దారి 760 కిలోమీటర్ల పైమాట, స్కైలాబ్‌కు ఆ దూరం రెండు నిమిషాల పని కూడా కాదు. పడే సమయం అంచనాలో నాలుగు నిమిషాలు తేడా వస్తే పడే చోటు 1,800 కిలోమీటర్లు మారిపోతుంది. జూలై 11న నాసా వాళ్లు దాన్ని దొర్లేలా చేసి, శకలాలు ఆఫ్రికా దక్షిణ కొసకు అవతల సముద్రంలో పడేలా చేయాలని చూశారు. అది అనుకున్నదానికన్నా ఆలస్యంగా విరిగింది. కొన్ని ముక్కలు హిందూ మహాసముద్రం దాటి పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరాన్స్ దగ్గర పడ్డాయి. చెత్త వేసినందుకు అక్కడి స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా వేసింది.